ఎసట్లో పోయకముందు ఓ పిడికెడు

బియ్యం కొలిచి గిన్నెలో పోసుకున్నాక, నీళ్లు పోసి కడిగేలోపు, అందులోంచి ఒక పిడికెడు తీసి పక్కనున్న డబ్బాలో వెయ్యాలి. మా క్రైస్తవ సంఘాల్లో పిడికెడు బియ్యం కానుక అంటే ఇంతే. చూడ్డానికి నేర్చుకోవలసిందేమీ లేనట్టుంటుంది గానీ దీనికీ ఒక పద్ధతి ఉంది. బస్తాలోంచి విడిగా తీసి వెయ్యకూడదు. ఇంటిల్లిపాదికీ కొలిచిన దాంట్లోంచే తియ్యాలి, తీశాక ఆ లోటు మళ్లీ పూడ్చకూడదు. నేను కాపురానికొచ్చిన కొత్తలో మా అత్తగారు ఈ సంగతి చెప్తూ, "బస్తాలోవి మీ మావయ్యగారు కొన్నవమ్మా, కొలతలోవి మనం తినేవి" అన్నారు. ఆ పూట కంచాల్లో కొంచెం కొంచెం తగ్గుతుంది. ఎవరి కంచంలో ఎక్కువ తగ్గుతుందో ఆఖరున తినే ఆడవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

తీసేటప్పుడు చిన్న ప్రార్థన ఒకటి చేస్తాం. మా అత్తగారికి పెదాలు కూడా కదిలేవి కావు. మా తోడికోడలైతే పక్కింటికి వినపడేలాగే చేస్తుంది. ఒక పూట జబ్బుపడ్డవాళ్ల పేర్లు, ఇంకో పూట పరీక్షలు రాసే పిల్లల పేర్లు.

ఆడమనిషి పిడికిట్లో సుమారు 50 గ్రాముల బియ్యం పడతాయి. రెండు పూటలా వేస్తే నెలకి మూడు కిలోలు. 40 ఇళ్లున్న సంఘమైతే నెలకి క్వింటా పైమాటే. ఏ ఇంటికీ బరువనిపించదు గానీ, నలుగురైదుగురు దిక్కులేని ముసలివాళ్లకి నెలంతా సరిపోయి ఇంకా మిగులుతాయి. నెలాఖరు ఆదివారం డబ్బాలన్నీ గుడికొస్తాయి. సన్నబియ్యం, రేషన్ బియ్యం, పాతవి, కొత్తవి అన్నీ ఒకే గోనెలోకి. ఆ కలగాపులగం వండితే సగం పలుకు, సగం ముద్ద. అందుకని పంచగా మిగిలినవి ఆరాధనయ్యాక వేలం వేస్తారు. పిండి పట్టించుకునేవాళ్లు, కోళ్లు పెంచుకునేవాళ్లు పాడుకుంటారు. ఒక్కోసారి ఎవరో బజారు ధర కంటే ఎక్కువకి పాడి, బియ్యం మళ్లీ గుడికే వదిలేస్తారు. గోనెలో పడ్డాక ఎవరి పిడికెడు ఏదో తెలీదు. ఈ కానుకలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే. పేరు చదివి చప్పట్లు కొట్టించే చందాల్లో ఈ గుణం ఉండదు.

ఇది మన ఒక్కరి ఆచారమే కాదు. మిజోరంలో దీన్ని బుహ్‌ఫాయ్ థామ్ అంటారు, 1910లో ఐజ్వాల్‌లోని మిషన్ వెంగ్‌లో మొదలైంది. ఇప్పటికీ అక్కడి ప్రెస్బిటేరియన్ సంఘానికి అదొక పెద్ద రాబడి. మనవైపు దోర్నకల్ సంఘాల్లో ఇది నాటుకుంది. వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1909లో తిరునెల్వేలి నుంచి మిషనరీగా దోర్నకల్ వచ్చి, మొదట్లో గుడారాల్లో కాపురం ఉండి, 1912లో బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. సంఘం విదేశాల డబ్బు మీద బతక్కూడదని, ఎంత పేదవాళ్లైనా తమ వంతు ఇవ్వాలని ఆయన పట్టుదల. ఆ సంఘాల్లో ఎక్కువమంది మాల మాదిగ కుటుంబాలవాళ్లు, పాలేర్లు, కూలీలు. కూలి గింజల్లో వచ్చేది. డబ్బు కనపడేదే అరుదు, కనపడ్డా మగవాడి మొలలోకి పోయేది. ఆడదాని చేతికి నిజంగా దఖలుపడింది పొయ్యి దగ్గరి కొలత ఒక్కటే. ఆమె కానుక అక్కడే మొదలైంది. అజరయ్యగారి భార్య అన్బుగారు చదువుకున్న మనిషి, ఊరూరా తిరిగి ఆడవాళ్లని కూడగట్టిన మనిషి. ఆయన పేరు తెలిసినంతగా ఆమె పేరు మనవాళ్లకి తెలీదు.

సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం)లో స్త్రీల మైత్రి, లూథరన్లలో, బాప్టిస్టుల్లో స్త్రీల సమాజం, పేరు ఏదైనా గానీ వీటి పద్ధతులన్నీ ఇలాగే పుట్టాయని నేననుకుంటాను. డబ్బు లేదు, చదువు లేదు, తీరిక లేదు. ఆ మూడూ లేకుండా ఏం చేయొచ్చో చూసుకుని ఒక్కొక్కటీ ఏర్పరచుకున్నారు. సంఘ చరిత్రలు రాసినవాళ్లు గుళ్ల పొడుగూ వెడల్పూ రాశారు, బాప్తిస్మాల లెక్కలు రాశారు. ఈ పనితనాన్ని గురించి రాసింది తక్కువ.

ఇంటి ప్రార్థనే తీసుకోండి. గుళ్లో కాకుండా ఇళ్లల్లో ఎందుకంటే, ఒకప్పుడు చాలా పల్లెల్లో గుడే లేదు. ఉన్నచోట కూడా పసిబిడ్డ తల్లికి, మంచంపట్టిన అత్తని చూసుకునే కోడలికి గుడి దూరమే. వంతులవారీగా ఇల్లు మారుతుంది. పాక అయినా, డాబా అయినా వంతు తప్పదు. ఇందులో ఒక కిటుకుంది. మనవాళ్లు బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన కులం గుమ్మం బయట చెప్పులతోపాటు వదిలి రాలేదు. ఎవరింట్లో మంచినీళ్లు పుచ్చుకుంటారో, ఎవరింట్లో "ఇప్పుడే తాగొచ్చామమ్మా" అంటారో అందరికీ తెలుసు. వంతు పెడితే ఆ మాట ఎంతకాలమని అంటారు? ప్రార్థన జరిగిన ఇంట్లో టీ తాగకుండా లేవడం ఇల్లాలిని అవమానించడమే. మా సంఘంలో కొందరికి ఆ గ్లాసు చేతికి రావడానికి ఒక తరం పట్టింది. ప్రసంగాలతో కాని పని వంతులతో అయింది. పూర్తిగా అయిందని మాత్రం అనను.

చీకటిపడ్డాక చాపలు పరుస్తారు. మొదట కీర్తన. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో చాలా పాటల నెత్తిన రాగం, తాళం అచ్చేసి ఉంటాయి గానీ మా ఆడవాళ్లకి వాటితో పనిలేదు, నంబరు చెబితే చాలు. చదువురాని ముసలమ్మలకి వందల చరణాలు నోటికొచ్చేవి. పురుషోత్తమ చౌదరి (1803–1890) లాంటి కవులు త్రిత్వం, రక్షణ, పశ్చాత్తాపం లాంటి గట్టి సంగతుల్ని మన రాగాల్లో కూర్చి పెట్టబట్టి, అక్షరం రానివాళ్ల నోట్లో కూడా వేదాంతం నిలబడింది. మా ఊళ్లో పొయ్యి ఊదుతూ పాడినవాళ్లున్నారు, నాట్లు వేస్తూ పాడినవాళ్లున్నారు. ఇప్పటి పాటలు తెర మీద అక్షరాలు చూసి పాడుకునేవి. కరెంటు పోతే పాట కూడా పోతోంది. కొత్త పాటల మీద నాకు కోపం లేదు, మా అమ్మాయి బాగా పాడుతుంది. కానీ ఏడాదికి పది కీర్తనలైనా పిల్లలకి కంఠతా రాకపోతే, ముసలితనంలో కళ్లు కనపడనప్పుడు వాళ్ల నోట్లో ఏముంటుంది?

చదువు మాటకొస్తే, బైబిల్ ఉమన్ వచ్చేది. అన్ని మిషన్లలోనూ ఉండేవారు. చంకన సంచి, తెల్లచీర, కాలినడక. బైబిలు చదివి వినిపించడం, అక్షరాలు దిద్దించడం, పురుళ్లకి ఆసుపత్రి మాట చెప్పడం అన్నీ ఆమె పనే. మిషన్ల తొలినాళ్ల నుంచీ ఆడవాళ్లున్నారు. ఒంగోలులో ప్రార్థనల కొండ మీద 1854 జనవరి 1 తెల్లవారుజామున మోకరించినవాళ్లు అయిదుగురు. బాప్టిస్టు మిషనరీ జ్యూయెట్ దొర, ఆయన భార్య, క్రిస్టియన్ నరసు, రూతు, జూలియా. లెక్కపెట్టండి, ముగ్గురు ఆడవాళ్లు. 1878 జూలై 3న ఒంగోలు దగ్గరి గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారని చెప్పేటప్పుడు ఊగిపోయే మన ప్రసంగీకులు, ఆ కొండ మీది ముగ్గురి దగ్గర మాత్రం ఆగరు.

పాట, వాక్యం, సాక్ష్యం అయ్యాక ప్రార్థన మనవులు. కూటానికి గుండెకాయ ఇదే, అన్నిటికన్నా కష్టమైనదీ ఇదే. నలుగురిలో కష్టం చెప్పుకోవడం ఒక విద్య. పాతకాలపు ఆడవాళ్లకి అది బాగా తెలుసు. "మా ఇంట్లో సమాధానం కోసం" అంటే భర్త తాగొచ్చి కొడుతున్నాడని అర్థం. "ఒక అప్పు విషయం", "ఒక బిడ్డ విషయం" అంటే అంతకు మించి అడగకూడదని అర్థం. విన్నవాళ్లు పేరు లేకుండానే ప్రార్థన చేస్తారు. మర్నాడు మధ్యాహ్నం పెద్దావిడ ఒకరు కూర గిన్నె పట్టుకుని ఊరికే వచ్చినట్టు ఆ ఇంటికి వెళ్తుంది. ఆ వెళ్లడం కూటంలో భాగమే. వెళ్లని మైత్రి ఉత్త పాటల బృందం. దీనికి చీడ కూడా ఇక్కడే పడుతుంది. ప్రార్థన పేరుతో ఊరి సంగతులు మోసేవాళ్లుంటారు, "మీరూ ప్రార్థన చెయ్యండమ్మా" అంటూ ఇంటి గుట్టు వీధిలో పెడతారు. ఫోనుల్లో గ్రూపులొచ్చాక ఇది పెరిగింది. గుసగుసగా చెప్పుకున్నది నిమిషంలో రెండొందల మందికి చేరుతోంది. మా మైత్రిలో ఇప్పుడు రోగం తప్ప మరే మనవీ గ్రూపులో పెట్టకూడదని గట్టి నియమం పెట్టుకున్నాం.

గోదావరి జిల్లాల నుంచి ఇళ్లల్లో పనికి కువైట్ వెళ్లిన ఆడవాళ్లు చాలామంది. వాళ్ల కోసం ప్రార్థన లేని కూటం మావైపు ఉండదు. వాళ్లలో కొందరు శుక్రవారం సెలవు దొరికితే ఫోన్లో కలుస్తారు. పిల్లల్ని అమ్మమ్మల దగ్గర వదిలి, ఎవరి పిల్లలకో స్నానాలు చేయిస్తున్న తల్లులు. అవతలివైపు నుంచి పాట అందుకోబోయి గొంతు పూడుకుపోయి ఆగిపోతే, ఇవతల ఉన్నవాళ్లం ఆ చరణం పూర్తి చేస్తాం.

నాకు విశ్వాసం మా అమ్మ నుంచి వచ్చింది, ఆమెకి వాళ్లమ్మ నుంచి. పౌలు కూడా తిమోతి విశ్వాసం గురించి చెప్పేటప్పుడు అవ్వ లోయిని, తల్లి యునీకేని పేరు పెట్టి తలుచుకున్నాడు. అయితే ఇచ్చినంత మాత్రాన తీసుకుంటారని లేదు. మా అబ్బాయి ఇంటర్లో ఉండగా అడిగాడు: "అమ్మా, ఇంతమంది ప్రార్థన చేసినా ఆ పిన్ని చనిపోయిందిగా?" నేను దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకోలేదు. ఆమె మంచంలో ఉన్నన్ని నెలలూ వంట ఎవరు చేశారో, రాత్రిళ్లు ఎవరు పడుకున్నారో చెప్పాను. వాడికి అది జవాబుగా తోచలేదు. నాకూ పూర్తి జవాబుగా తోచదు. అయినా సాయంత్రం కుటుంబ ప్రార్థనకి వచ్చి కూర్చుంటాడు, వంతు వస్తే వచనం చదువుతాడు. ఇంగ్లీషు మీడియం పిల్లలు మా ఇంట్లో తెలుగు చదివేది ఆ పావుగంటే. "వచ్చుచున్నాడు", "చెప్పెను" అంటూ తడబడుతూ చదువుతుంటే నవ్వొస్తుంది, దేవుడి సంగతి ఎలా ఉన్నా తెలుగైనా మిగులుతుందని సంతోషమూ వేస్తుంది.

ఒక మాట చెప్పాలి. యేసు ఇంటికొచ్చినప్పుడు మార్త పనిలో పడితే, మరియ కూర్చుని వాక్యం విన్న కథ మీద ఎన్ని ప్రసంగాలు విన్నానో! పనిలో పడి వాక్యాన్ని మరవద్దని ఆడవాళ్లకి చెప్పి, ప్రసంగం అయ్యాక "టీ అయిందా అమ్మా?" అని అడిగే అయ్యగార్లని చూశాను. ఆ కథని ఆడవాళ్లే చెప్పుకున్నప్పుడు వేరేగా వస్తుంది. మా కూటంలో ఒక కూలి చేసుకునే తల్లి, "మార్త కసిరింది పనెక్కువై కాదు, ఒక్కత్తే చేస్తున్నందుకు" అంది. అప్పట్నుంచి కూటం ముందే టీ పెట్టి ఫ్లాస్కులో పోసుకుంటున్నాం.

ప్రపంచం కూడా ఈ చాపల మీదికి వస్తుంది. మార్చి మొదటి శుక్రవారం ప్రపంచ ప్రార్థన దినం. ఆ రోజు ప్రార్థనల్ని ఏటా ఒక దేశపు స్త్రీలు రాస్తారు, అన్నిచోట్లా అవే చదువుతారు. 2024లో పాలస్తీనా స్త్రీలవి, 2025లో కుక్ దీవుల స్త్రీలవి. పటంలో ఆ దీవులు వెతకడానికి మా పెద్దమ్మలు కళ్లజోళ్లు సవరించుకున్నారు. ఇంగ్లండులో 1876లో మదర్స్ యూనియన్ పెట్టిన మేరీ సమ్నర్ మొదటి కూటంలో మాట్లాడడానికి ధైర్యం చాలక, వచ్చిన తల్లుల్ని వచ్చేవారం రమ్మందట. సాక్ష్యం చెప్పమంటే కొంగు నోట్లో కుక్కుకునే మా కొత్త కోడళ్లకి ఈ కథ తప్పకుండా చెప్తాం.

2013 సెప్టెంబరులో నంద్యాల అధ్యక్ష మండలానికి ఎగ్గోని పుష్పలలితగారు బిషప్ అయ్యారు. సీఎస్‌ఐలో మొదటి మహిళా బిషప్ మన తెలుగామె. ఆ రోజు మా ఆడవాళ్లు పడ్డ సంతోషం ఇంతా అంతా కాదు. కానీ చాలాచోట్ల సంఘ కమిటీల్లో ఆడవాళ్ల కుర్చీలు ఇప్పటికీ ఒకటో రెండో. విచిత్రమేమిటంటే, నేను చూసిన లెక్కల్లో మైత్రి పుస్తకాలంత శుభ్రమైనవి తక్కువ. బియ్యం వేలం, చందా, ఖర్చు అన్నీ ప్రతినెలా అందరి ముందు బిగ్గరగా చదువుతారు. చదువురానివాళ్లు చెవులతో ఆడిట్ చేస్తారు, పది రూపాయలు తేడా వస్తే పట్టేస్తారు.

ఈమధ్య బియ్యానికి బదులు రోజుకి పదిరూపాయల చొప్పున ఫోన్లోనే వేసేద్దామని ఒక ప్రతిపాదన వచ్చింది. లెక్క తేలిక, మొయ్యక్కర్లేదు, పురుగు పట్టదు. అపార్టుమెంట్లలో ఉండేవాళ్లకి అదే నయం కావొచ్చు, కాదనను. కానీ ఖాతాలోంచి పోయిన పదిరూపాయలు ఎవరి కంచంలోనూ తగ్గవు. పొయ్యి ముందు నిలబడి పేర్లు తలుచుకునే ఆ క్షణం కూడా వాటితో పోతుంది. నేను ఒద్దనే ఓటేశాను. చివరికి రెండూ ఉండాలని తేలింది.

ఉద్యోగాలు చేసే కోడళ్లు ఇంకొకటి అడిగారు. సాయంత్రం ఆరింటికి కూటమంటే మేము బస్సులో ఉంటాం, రాత్రి ఎనిమిదిన్నరకి మార్చండి అని. పెద్దవాళ్లు గొణిగారు, "మగవాళ్ల భోజనాలో?" అన్నారు. కూటం జరిగే గురువారం రాత్రి ఎవరి అన్నం వాళ్లు వడ్డించుకుంటారు, మావయ్యగారితో సహా, అంది మా తోడికోడలు. తీర్మానం పుస్తకంలో రాసి సంతకాలు చేశాం. వేలిముద్రలు రెండు.