వెండి చాయ టేకుకు మందు అక్కర్లేదు

టేకు డెక్కు ఉన్న పాత పడవ కొన్నవాళ్లు చాలామంది ముందుగా చేసే పని దాన్ని తోమడం. వెలిసిన పలకల మీద ఏదో ద్రావకం పోసి గట్టి బ్రష్షుతో రుద్దుతారు. సాయంత్రానికి తేనెరంగు బయటపడుతుంది, చూసినవాళ్లు మెచ్చుకుంటారు. ఆ మెప్పుకోసం పోగొట్టుకున్న కర్ర మాత్రం తిరిగి రాదు. పడవల మీది టేకును సముద్రం కంటే యజమానుల శ్రద్ధే ఎక్కువ తినేసిందని నా అభిప్రాయం.

బూడిదరంగు జబ్బు కాదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పైపొరలోని లిగ్నిన్‌ను విడగొడతాయి, వాన దాన్ని కడిగేస్తుంది, మిగిలిన పీచు వెండిలా మెరుస్తుంది. ఇదంతా వెంట్రుకవాసి లోతు వ్యవహారం. కింద చేవ చెక్కుచెదరదు.

ఆ చేవ కోసమే ఓడలవాళ్లు టేకు వెంట పడ్డారు. అందులో సహజమైన నూనె ఉంది, చెదను దరిచేరనివ్వని టెక్టోక్వినోన్ ఉంది. తడిసినా ఎండినా టేకు పెద్దగా ఉబ్బదు, కుంచించుకోదు. కర్రలోని సిలికా ఉలి పదునును త్వరగా తినేస్తుంది కాబట్టి వడ్రంగికి అది శత్రువు. ఇంకో గుణం కూడా ఉంది: ఓక్‌లోని ఆమ్లాలు ఇనుప మేకులను కొరికేస్తాయి, టేకు ఆ పని చేయదు. బ్రిటిష్ నౌకాదళం బొంబాయి వైపు చూడడానికి ఇలాంటివే కారణాలు. అక్కడ వాడియాల కుటుంబం మలబారు టేకుతో ఓడలు కట్టేది. జంషెట్జీ బొమాన్జీ వాడియా కట్టిన ‘ట్రింకోమలీ’ 1817 అక్టోబరు 12న నీటిలోకి దిగింది. దాని నమూనా పటాలు తెస్తున్న ‘జావా’ అనే ఓడను 1812లో అమెరికన్లు పట్టుకోవడంతో వాటిని మళ్లీ పంపించాల్సి వచ్చింది. అంత ఆలస్యంగా పుట్టిన ఓడ మరమ్మతులతో నిలిచి, ఇప్పటికీ ఇంగ్లండులోని హార్ట్‌లీపూల్‌లో నీటి మీదే ఉంది. మన కోరంగి కూడా ఓడలు కట్టిన రేవే; 1839 నవంబరు తుపాను దాని వైభవాన్ని ఊడ్చేసింది.

ఇక కడగడం. పాత నావికుల పద్ధతి సాదా: బక్కెట్టు సముద్రపు నీళ్లు, మెత్తని బ్రష్షు, నారకు అడ్డంగా తేలికపాటి చేయి. అడ్డంగా ఎందుకంటే, టేకు వలయాల్లో గట్టి కర్ర, మెత్తని కర్ర పక్కపక్కనే ఉంటాయి. నార వెంట రుద్దితే మెత్తనిది లేచిపోయి గట్టిది గట్టులా నిలుస్తుంది. ఆ చాళ్లలో నీళ్లు, మురికి, బూజు చేరతాయి. దాన్ని చదును చేయడానికి ఉప్పుకాగితం పట్టాలి, పలక ఇంకా పలచబడుతుంది. ఈ చక్రానికి అంతు లేదు. ఉప్పునీరే ఎందుకంటారా? ఉప్పు బూజును ఆపుతుంది, పలకల్లో కాస్త చెమ్మ నిలుపుతుంది. ప్రెషర్ వాషర్‌తో పని చిటికెలో అయిపోతుంది, కర్ర కూడా అంతే. నౌకాదళాలు ఒకప్పుడు ఇసుకరాతి దిమ్మలతో డెక్కు అరగదీయించేవి. డెక్కులు అరిగిపోతున్న ఖర్చు భరించలేక 1931లో అమెరికా నౌకాదళం ఆ అలవాటుకు పగ్గాలు వేసింది. యుద్ధనౌకల దళసరి పలకలకే ఆ గతి పట్టినప్పుడు, సెంటీమీటరు మందం పలకలున్న నేటి పడవ సంగతి చెప్పాలా?

డెక్కు ప్రాణం రంగులో లేదు, సందుల్లో ఉంది. పూర్వం పలకల సందుల్లో తారు పట్టించిన జనపనార కూరి, పైన వేడి కీలు పోసేవారు. ఎండదేశాల్లో అది కరిగి అరికాళ్లకు అంటుకునేది. ఇప్పుడు పాలీసల్ఫైడ్ వంటి రబ్బరు సీలెంట్లు వచ్చాయి. సీలెంటు పలక అంచును వదిలితే నీళ్లు కిందికి దిగుతాయి. కొత్త పడవల్లో డెక్కు కింద బాల్సా కర్రో ప్లైవుడ్డో ఉంటుంది, అది కుళ్లేదాకా పైవారికి తెలియదు.

సందు మళ్లీ నింపడం ఓపిక పని. పాత సీలెంటును అంచులు చీలకుండా కోసి, కొక్కెంతో లాగాలి. గాడి లోతు తగ్గి ఉంటే రూటర్‌కు పట్టీ ఆనించి సరిచేయాలి. తర్వాత అసిటోన్ గుడ్డతో తుడవాలి. అంచుకు ఊరిన నూనె ఉంటే ఏ బంకా పట్టదు. ఆపైన ప్రైమరు. ఇక చాలామంది వదిలేసే మెట్టు: గాడి అడుగున అంటుకోని టేపు పరవడం. సీలెంటు రెండు పక్కల్నే పట్టుకుంటే పలకలు జరిగినప్పుడు సాగుతుంది, అడుగునూ పట్టుకుంటే చిరుగుతుంది. నింపేటప్పుడు గొట్టం మూతిని అడుగుకు ఆనించి, గాలి బుడగలు రాకుండా పొంగేలా పోయాలి. ఎండేదాకా ముట్టుకోకూడదు, ఆ తర్వాతే కోసి చదును చేయాలి.

స్క్రూల మీద బిగించే టేకు బిరడాలకూ ఇదే వరుస శ్రద్ధ కావాలి. బిరడా నార పలక నారతో కలవాలి. పైకి మిగిలిన ముక్కను ఉలితో ఒక్కసారిగా కొట్టకూడదు. ముందు కాస్త ఎత్తులో కోసి నార ఎటు పోతోందో చూసుకోవాలి. ఎటు పోతోందో తెలియకుండా అడుగున కొడితే ముక్క పలక మట్టం కంటే లోతుగా విరిగి గుంట మిగులుతుంది. అరిగిన పలకల్లో బిరడాలు బిళ్లల్లా పలచబడి ఊడిపోతాయి. అప్పుడు స్క్రూను లోతుగా దింపి కొత్తది పెట్టాలి.

నూనె పూయడం? అవిసె నూనె నల్లబడుతుంది, బూజుకు మేత అవుతుంది. వార్నిష్ తలుపులకు, చేతికమ్మీలకు సరే, డెక్కుకు వద్దు, జారుతుంది.

ఇంత జాగ్రత్త ఎందుకంటే ఆ కర్ర మళ్లీ దొరకడం కష్టం. మంచి పేరున్న బర్మా టేకు మయన్మార్ అడవులది. 2014లో ఆ దేశం దుంగల ఎగుమతి ఆపింది; 2021లో సైనిక తిరుగుబాటు తర్వాత అక్కడి ప్రభుత్వ కలప సంస్థపై అమెరికా, ఐరోపా సమాఖ్య ఆంక్షలు విధించాయి. తోటల టేకు ఉంది గానీ, నెమ్మదిగా పెరిగిన పాత చెట్ల చేవ అన్నిటికీ రాదు.

పాత పడవ బేరమాడేవాళ్లు పలకల రంగు చూసి ధర చెప్పకండి. మోకాళ్ల మీద కూర్చుని సందులు నొక్కి చూడండి, బిరడాల మందం అడగండి. నిగనిగలాడే డెక్కు కనిపిస్తే, దాన్ని ఎన్నిసార్లు అరగదీశారో కూడా అడగండి.