అమావాస్య కోరే కాంతి

తెలుగువాళ్లకు శరత్తు అంటే వెన్నెల. నన్నయ రాసిన చివరి పద్యమని మన సాహిత్యలోకం చెప్పుకునేది అరణ్యపర్వంలోని శరద్రాత్రి వర్ణననే. అందులో చుక్కల వరుసలున్నాయి, కలువల వాసన మోసే గాలి ఉంది, చివరికి ఆకాశాన్నంతా నింపే వెన్నెల ఉంది. వానలు వెలిశాక తలెత్తి చంద్రుణ్ణి చూడటం మనకు దాదాపు వెయ్యేళ్ల సంస్కారం. విజయవాడ భవానీపురంలో, కృష్ణ ఒడ్డున ఆశ్వయుజ పున్నమిని చూస్తూ పెరిగిన నాకు, శరద్రాత్రికి ఇంకో సౌందర్యం ఉంటుందన్న ఊహే ఉండేది కాదు.

ఆ సౌందర్యం ఉంది. అది అమావాస్యను కోరుతుంది. నార్వే, ఫిన్లాండ్, ఐస్‌లాండ్, కెనడా, అలాస్కాల మీద వెలిగే ఉత్తర ధ్రువ కాంతుల్ని చూడటానికి చాలామంది నడి చలికాలంలో, మంచు కూడా చూడొచ్చని వెళ్తారు. నేను శరత్తులో వెళ్లమంటాను. మహాలయ అమావాస్యకు అటూ ఇటూగా, ఇంద్రకీలాద్రి మీద నవరాత్రులకు ఏర్పాట్లు సాగుతుండే రోజుల్లో వెళ్లమంటాను.

అందుకు ఆకాశం ఒక కారణం చెబుతుంది, నీళ్లు ఒక కారణం చెబుతాయి. రాత్రీ పగలూ సమానమయ్యే విషువత్తు రోజుల్లో భూమి అయస్కాంత క్షేత్రం సూర్యుడి నుంచి వచ్చే సౌర పవనంతో ముడిపడటానికి అనువుగా ఒరిగి ఉంటుంది. మార్చి, సెప్టెంబరు నెలల చుట్టూ అయస్కాంత అలజడి ఎందుకు ఎక్కువో 1973లో రస్సెల్, మెక్‌ఫెరాన్ అనే శాస్త్రజ్ఞులు ఇలాగే వివరించారు. ఇక నీళ్ల మాట. సెప్టెంబరు చివరికి ఉత్తరాది సరస్సులు ఇంకా గడ్డకట్టవు. వెలుగు పైనా ఆడుతుంది, కిందా ఆడుతుంది. చలికాలం యాత్రికుడికి ఈ రెండో ఆకాశం దొరకదు.

నార్వేలోని ట్రోమ్సో ఊరి నుంచి సాయంత్రం బయల్దేరే వ్యానులో, గైడు వెంట వెళ్లాం. తీరమంతా మబ్బు. ఆవిడ మూడు విషయాలు చూసుకుంటూ దారి నిర్ణయించారు: ఉపగ్రహం పంపే మబ్బుల చిత్రం, సూర్యుడి వైపు 15 లక్షల కిలోమీటర్ల దూరాన ఉన్న ఉపగ్రహాలు కొలిచే సౌర పవనం, కొండల వరుస. సముద్రపు మబ్బు కొండల దగ్గర ఆగిపోతుంది కాబట్టి, షిబోట్న్ లోయ మీదుగా ఫిన్లాండ్ సరిహద్దులోని కిల్పిస్‌యార్వి సరస్సుకు తీసుకెళ్లారు. సుమారు 160 కిలోమీటర్లు. దారి పొడుగునా బర్చ్ చెట్లు పసుపు పచ్చగా పండి ఉన్నాయి.

గైడు చేసే అసలు పని సరస్సు దగ్గర మొదలైంది. వ్యాను దీపాలన్నీ ఆర్పించారు. చేతికి ఎర్రటి దీపం ఒక్కటే ఇచ్చారు, ఎందుకంటే చీకటికి అలవాటుపడిన చూపును ఎరుపు పెద్దగా చెడగొట్టదు. ఫోను తెరలు కూడా మూయించారు. కళ్లు చీకటికి పూర్తిగా సర్దుకోవడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుందని, మధ్యలో ఒక్క తెల్ల దీపం వెలిగినా మళ్లీ మొదటికొస్తుందని చెప్పారు. ఆ ఉత్తరాదిన సామీ ప్రజలకు ఈ కాంతుల కింద ఈల వేయకూడదన్న నమ్మకం తరతరాలుగా ఉందని చెప్పి, ఆవిడ కూడా మాట మానేశారు.

అభినవగుప్తుడు రసాస్వాదానికి ఏడు విఘ్నాలున్నాయన్నాడు. ప్రేక్షకుడు తన సొంత సుఖదుఃఖాల్లోనే మునిగి ఉండటం వాటిలో ఒకటి. నాటకశాలలో ఆ విఘ్నాన్ని తొలగించడానికి గానం ఉంది, వాద్యం ఉంది, అలంకరించిన మండపం ఉంది. సరస్సు ఒడ్డున దాన్ని తొలగించింది ఆ అరగంట చీకటే. ప్రయాణపు ఖర్చు, కాళ్లలో చలి, కనిపిస్తుందో లేదో అన్న ఆదుర్దా ఒక్కొక్కటే జారిపోయాయి. గైడును నేను సూత్రధారుడని అనుకోవడం అప్పుడే మొదలైంది. ఆ వెలుగు మీద ఆవిడకు ఏ అధికారమూ లేదు. చూసేవాళ్లను సిద్ధం చేయడం ఒక్కటే ఆవిడ విద్య.

మొదట వచ్చింది ఆకుపచ్చ కాదు. ఉత్తరాన కొండ పైన ఒక బూడిద రంగు వంపు, పలచటి మబ్బేమో అనిపించేలా కనిపించింది. వెలుగు మసకగా ఉన్నప్పుడు మన కంటికి రంగు తెలియదు. కెమెరా దాన్ని ఆకుపచ్చగా పట్టేస్తుంది, కన్ను మాత్రం ఆగాలి. ఆ ఆగడంలో ఎంత మాధుర్యం ఉందో కృష్ణా డెల్టా వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. కూచిపూడి భామాకలాపంలో ఇద్దరు తెర పట్టుకుని నిలబడతారు. సత్యభామ వెంటనే కనిపించదు. ముందు తెర మీదుగా ఆమె జడ పడుతుంది. మనిషి రాకముందే ఆమె గర్వం, అందం, స్వభావం అంతా ఆ జడలో వచ్చేస్తాయి. కిల్పిస్‌యార్వి మీది ఆ బూడిద వంపు నాకు ఆ జడలాగే కనిపించింది. తేడా ఒక్కటే: ఇక్కడ ఆ తర్వాత తెర తొలగిపోదు. తెరే నాట్యం మొదలుపెడుతుంది.

వంపు మెల్లగా దక్షిణానికి, మా వైపు జరిగింది. దాని అడుగు అంచు పదునెక్కింది. ఎక్కడో తూర్పు కొసన ఒక మడత పడి, ఆ మడత పడమటికి పరుగెత్తింది. ఆ వెంటనే ఆకాశం బద్దలైంది. నిశ్శబ్దపు వంపు, హఠాత్తుగా విచ్చుకోవడం, తర్వాత చెదిరి శాంతించడం: ఈ క్రమాన్ని 1964లో అకసోఫు అనే శాస్త్రజ్ఞుడు శాస్త్రీయంగా వర్ణించాడు. విలంబం, ద్రుతం, మళ్లీ విశ్రాంతి అని మన చెవికి తెలిసిన నడకే అది.

రంగుల్లోనూ కాలమే ఉంది. 100 కిలోమీటర్లకు పైన, ఎలక్ట్రాన్ల తాకిడికి ఉత్తేజం పొందిన ఆక్సిజన్ పరమాణువు సుమారు ముప్పావు సెకను ఆగి ఆకుపచ్చ వెలుగును విడుస్తుంది. 200 కిలోమీటర్లు దాటాక అదే ఆక్సిజన్ ఎర్రగా వెలుగుతుంది. కానీ ఆ ఎరుపుకు రెండు నిమిషాలకు దగ్గరగా ఏకాంతం కావాలి. ఈలోగా ఇంకో అణువు వచ్చి ఢీకొంటే ఆ వెలుగు పుట్టదు. అందుకే గాలి దాదాపు లేనంత ఎత్తులోనే ఎరుపు బతుకుతుంది. అడుగున గులాబీ అంచు నైట్రోజన్‌ది, దానికి ఆగడమే తెలియదు. కాబట్టి ఒకే తెరలో మూడు వేగాలు: అంచు గజ్జెల్లా వెంటవెంటనే పలుకుతుంది, నడుము కాస్త నిదానిస్తుంది, శిఖరం శ్రుతిలా కదలకుండా నిలుస్తుంది. పరమాణువుల ఓపికలోని తేడాయే అక్కడ లయగా కనిపిస్తోందని తెలిసి చూస్తే ఆనందం తగ్గదు, రెట్టింపవుతుంది.

కాంతి నడినెత్తికి వచ్చినప్పుడు కిరణాలన్నీ ఒక బిందువు నుంచి నలువైపులా జారుతున్నట్టుంటాయి. పక్కనున్నవాళ్లను ఒక్కసారి చూశాను. భరతుడు నాట్యశాస్త్రంలో అద్భుత రసానికి చెప్పిన అనుభావాలు వాళ్లలో కనిపించాయి: విచ్చుకున్న కళ్లు, వాలని రెప్పలు, గగుర్పాటు, కన్నీళ్లు, నోటి నుంచి వచ్చే హాహాకారాలు. వేరే దేశాలవాళ్లు, నాట్యశాస్త్రం పేరు కూడా విని ఉండరు. విస్మయం స్థాయీభావమని, అది మనిషిలో ఎప్పుడూ ఉండేదేనని అంటే నాకు అంతకు ముందు పాఠం. ఆ ఒడ్డున అది రుజువు.

నేను మాత్రం కాసేపటికి నీళ్ల వైపు తిరిగాను. నది ఒడ్డు మనిషి చూపు అటే పోతుంది. విజయదశమి సాయంత్రం గంగా దుర్గా సమేత మల్లేశ్వర స్వామివారి హంసవాహన తెప్పోత్సవం జరిగేటప్పుడు, ప్రకాశం బ్యారేజీ దీపాలు నదిలో ఎలా పడతాయో మనకు తెలుసు. దీపం నీటికి దగ్గరగా ఉంటుంది, చిన్నదిగా ఉంటుంది. అల మీద అల దాన్ని అందుకుని సాగదీసి నిలువు గీత చేస్తుంది. కృష్ణలో వెలుగు అంటే అలాంటి వణికే బంగారు గీతలే. సరస్సులో పడ్డ ధ్రువకాంతికి గీతలు లేవు. వందల కిలోమీటర్ల వెడల్పున్న వెలుగును అల సాగదీయలేదు. నీటి ఒళ్లంతా ఒకేసారి రంగు తిరుగుతుంది. పైగా నీరు కొంత వెలుగును తాగేస్తుంది. సన్నని గీతలూ చిన్న తళుకులూ పోయి, కదలికలోని ప్రధాన భంగిమ ఒక్కటే మిగులుతుంది. పైన చూస్తే నాట్యం, కింద చూస్తే ఆ నాట్యపు సారం. ఒడ్డునున్న సానా కొండ ఆ రెండింటి మధ్య నల్లగా నిలబడి ఉంది. శరత్తులో వెళ్లమని నేను పట్టుబట్టేది ఈ నీటి కోసమే.

భవానీపురం ఆకాశానికీ తన శరత్కాంతి ఉంది. 2024 అక్టోబరు 22 రాత్రి పున్నమి ఘాట్ దగ్గర 5,500 డ్రోన్లు లేచి గ్రహంగా, విమానంగా, జాతీయ జెండాగా నిలబడి 5 గిన్నిస్ రికార్డులు తెచ్చాయి. అది గొప్ప ఆనందం. ప్రతి చుక్కనూ దాని చోటుకు నడిపించిన మనిషి తెలివి అందులో ఉంది. ఆకారాన్ని గుర్తుపట్టగానే జనం చప్పట్లు కొడతారు. ధ్రువకాంతిలో గుర్తుపట్టడానికి ఏమీ ఉండదు. అది దేన్నీ చూపదు, ఎవరికోసమూ వెలగదు. బుద్ధి పట్టుకోవడానికి ఆకారం దొరకనప్పుడే విస్మయం నిండుగా లేస్తుంది.

అదే నెల 10వ తేదీ రాత్రి, బెజవాడలో నవరాత్రులు సాగుతుండగా, ఒక పెద్ద సౌర తుఫాను భూమిని తాకింది. అమెరికాలో దక్షిణాది రాష్ట్రాల దాకా ఆకాశం ఎర్రబడింది. మన దేశంలో లడఖ్‌లోని హన్లే నుంచి కూడా ఎర్రటి కాంతి కనిపించింది. అంత దక్షిణం నుంచి చూస్తే ఆకుపచ్చ భాగం భూమి వంపు చాటున ఉండిపోతుంది, ఎత్తైన ఎరుపు మాత్రమే క్షితిజం మీదికి వస్తుంది. హన్లేకు అందింది తెర మీదుగా పడిన జడ ఒక్కటే అన్నమాట. దాన్ని చూసి లోపలి నాట్యాన్ని ఊహించగలిగినవాళ్లు ధన్యులు.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక మాట. విచ్చుకోవడం అయ్యాక తెర చిరిగి, ఆకాశమంతా వెలుగు మచ్చలుగా మిగులుతుంది. ఒక్కో మచ్చ కొన్ని సెకన్లకోసారి వెలిగి ఆరుతుంటుంది. చూసేదంతా చూసేశామని చాలామంది వ్యాను ఎక్కేది అప్పుడే. ఉధృతిలో మనల్ని మనం మరిచిపోతాం. ఈ చివరి అంకంలో, చూస్తున్నామన్న ఎరుకతో చూస్తాం. అద్భుతం శాంతంలోకి దిగే మెట్టు అది. గైడును ఎంచుకునేటప్పుడు ఎన్ని ఫొటోలు తీసిస్తారని కాక, చీకట్లో ఎంతసేపు మాట్లాడకుండా ఉండనిస్తారని, ఆ తర్వాత ఎంతసేపు ఆగుతారని అడగండి. మా గైడు ఎవరూ అడగకముందే ఇంకాసేపు ఆగుదామన్నారు. రసం తెలిసినవాళ్లు అలా ఉంటారు. అలాంటివాళ్ల వెంట వెళ్లండి.