నౌపడ ఉప్పు, మోల్ లెక్క

శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలో నౌపడ అనగానే ఎవరికైనా ఉప్పే గుర్తొస్తుంది. 1900లో ఇక్కడి నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు వేశారు గాని, ఊరికి పేరు తెచ్చింది మాత్రం ఉప్పు మళ్ళే.

లీటరు సముద్రపు నీటిలో అన్ని లవణాలూ కలిపి 35 గ్రాములుంటే, మనం తినే సోడియం క్లోరైడ్ అందులో 27 గ్రాముల చిల్లర. మిగతావాటిని వదిలించుకుంటూ దాన్ని పట్టుకోవడంలోనే ఉంది ఉప్పు రైతు పనితనమంతా. మళ్ళలోకి ఎక్కించిన నీరు ఎండకు ఇగిరేకొద్దీ ముందు సున్నపు లవణం, తర్వాత జిప్సం అడుగున పేరుకుంటాయి. పైనీటిని మరో మడిలోకి మళ్ళిస్తారు. చిక్కదనం బామే కొలతలో 25 డిగ్రీలు దాటితే, అంటే నీరు ఇంచుమించు పదో వంతుకు దిగితే, ఉప్పు కట్టడం మొదలవుతుంది. 29, 30 డిగ్రీలకు వచ్చాక మిగిలిన చేదునీళ్ళను బయటికి వదిలెయ్యాలి. ఇంకో నాలుగు గంపలొస్తాయని ఆశపడి ఉంచితే మెగ్నీషియం లవణాలు అంటుకుంటాయి. ఆ ఉప్పు గాలిలో చెమ్మ పీల్చి ముద్దయిపోతుంది.

ఆ చెమ్మ ఎంతో కాటా పూర్తిగా చెప్పదు. 5 శాతం చెమ్మ ఉన్న కిలో ఉప్పులో 950 గ్రాముల ఉప్పు, 50 గ్రాముల నీరు. పోనీలే అనిపిస్తుంది. మోల్‌లలోకి మార్చి చూడండి. గ్రాములను మోలార్ ద్రవ్యరాశితో భాగించడమే పని. సోడియం 23, క్లోరిన్ 35.5, మొత్తం 58.5. దానితో 950ని భాగిస్తే 16.2 మోల్‌లు. నీటికి 18 కనుక 50 గ్రాములకు 2.8 మోల్‌లు. ఆరు ఉప్పు (సోడియం, క్లోరైడ్) జంటలకు ఒక నీటి అణువు చొప్పున చేరిందన్నమాట! ఒక మోల్‌లో ఎన్ని కణాలుంటాయో చెప్పే, పిల్లలు బట్టీపట్టే 6.022×10²³ అనే సంఖ్యకు ఇలాంటి పని చూపిస్తే బాగుండును.

ఈ లెక్క తప్పితే అసలు దెబ్బ అయొడిన్ దగ్గర తగులుతుంది. ఉప్పు తయారీ చోట అయొడిన్ 30 పీపీఎం ఉండాలి, కొనేవాడి చేతికొచ్చేసరికి 15కు తగ్గకూడదు. 30 పీపీఎం అంటే టన్నుకు 30 గ్రాములు. కానీ కలిపేది ఉత్త అయొడిన్ కాదు, పొటాషియం అయొడేట్. 30ని 126.9తో భాగిస్తే 0.236 మోల్. అయొడేట్ ఒక్కో యూనిట్‌లో అయొడిన్ ఒక్కటే కాబట్టి అదీ అంతే కావాలి. దాని మోలార్ ద్రవ్యరాశి 214తో గుణిస్తే 50.6 గ్రాములు. ముప్పయ్యే కదా అని 30 గ్రాముల అయొడేట్ తూచి పోస్తే దక్కే అయొడిన్ 17.8 గ్రాములే. రవాణాలో, గోదాములో, వంటింట్లో పోయేదానికి ఇక మిగులెక్కడిది?

సరిగ్గా కలిపినా, సుమారు 72 వేల ఉప్పు జంటలకు ఒక్క అయొడేట్ పడుతుంది. పెద్దవాళ్ళకు రోజుకు కావలసింది 150 మైక్రోగ్రాముల అయొడిన్. 15 పీపీఎం ఉప్పయితే 10 గ్రాముల్లో వస్తుంది. అంత తక్కువ సరుకును నిలబెట్టడానికే అయొడైడ్‌ను కాదని అయొడేట్‌ను వాడుతున్నారు. అయొడైడ్ చెమ్మలో త్వరగా విడిపోయి అయొడిన్ గాలిలో కలిసిపోతుంది. అయొడేట్ గట్టిదే, అయినా మలినాలున్న తడి ఉప్పులో అదీ కొంత తరుగుతుంది. చేదునీళ్ళను వేళకు వదిలిన రైతు ఉప్పులో ఆ నష్టం తక్కువ.