ఇటాలియన్ కబుర్ల క్లబ్బు

ఆ మధ్య మా అక్కయ్య కూతురి దగ్గర రెండు నెలలు ఉందామని ఇంగ్లండు వెళ్లాను. వేసవి రోజులు. వేసవంటే మన వేసవి కాదు లెండి. వడియాలు పెట్టుకుందామని మేడెక్కితే గొడుగు వెతుక్కోవలసి వచ్చే వేసవి. కాకపోతే రాత్రి తొమ్మిది దాటినా వెలుతురుంటుంది. ఆ వెలుతురుని వృథా చేయడం అక్కడివాళ్లకి ఇష్టముండదు. ఏదో ఒక వంక పెట్టుకుని తోటల్లో చేరతారు.

మా అమ్మాయి చేరిన వంక ఇటాలియన్ భాష. ఉద్యోగం, ఇల్లు, ఇద్దరు పిల్లలు. ఇన్నిటి మధ్య వారానికోసారి ఇటాలియన్ సంస్కృతి, సంభాషణల క్లబ్బుకి వెళుతోంది. "ఎందుకే నీకీ భాష? వాళ్లతో వియ్యమందుతావా?" అన్నాను. "ఎందుకూ పనికిరాదు పిన్నీ, అందుకే నేర్చుకుంటున్నా" అంది. ఆ జవాబు నాకు నచ్చింది. మన ఆడవాళ్లు ఎందుకూ పనికిరాని పని ఒక్కటైనా చేయగా చూసి ఎన్నాళ్లయిందో!

వేసవి నెలల్లో ఆ క్లబ్బు వాళ్లు తరగతి గదిలో కాకుండా ఎవరో ఒకరి పెరటితోటలో కలుసుకుంటారు. తలా ఒక వంటకం తెస్తారు. తోటలో ఉన్నంతసేపూ ఇంగ్లీషు మాట్లాడకూడదు. ఓ ముప్ఫైమంది ఉంటారు. రిటైరైన టీచర్లు, ఓ నర్సు, టస్కనీలో సెలవులు గడిపొచ్చిన దంపతులు, సంగీత నాటకాల పిచ్చి ఉన్న ఓ పెద్దాయన. వచ్చిన నాలుగు ముక్కల్నే అటు తిప్పీ ఇటు తిప్పీ చేతులు ఊపుతూ మాట్లాడుతుంటే చూడ్డానికి ముచ్చటగా ఉంది. తప్పు మాట్లాడితే నవ్వుకోవడం తప్ప నొచ్చుకోవడం లేదు.

ఆ వేసవి వాళ్లందరూ కలిసి ఒక నవల చదువుతున్నారు. ఐరిష్ రచయిత్రి మేవ్ బించీ రాసిన 'ఈవెనింగ్ క్లాస్'. 1996లో వచ్చింది. మా అమ్మాయి నేను నవలలు రాస్తానని అందరికీ చెప్పేసింది. అంచేత నాకోసం నియమం సడలించి, పది నిమిషాలు ఇంగ్లీషులో మాట్లాడమన్నారు. అక్కడ చెప్పినవీ, చెప్పాలనుకుని చెప్పలేకపోయినవీ ఇక్కడ రాస్తున్నాను.

నవల కథ డబ్లిన్ నగరంలో, అంత కలిగినవాళ్లుండని పేటలో నడుస్తుంది. ఎయిడన్ అనే లాటిన్ మాస్టారికి ప్రిన్సిపాల్ పదవి వస్తుందనుకుంటే రాదు. ఆ నిరాశలోంచి పుట్టిన ఆలోచన, బళ్లో సాయంకాలం పెద్దవాళ్లకి ఇటాలియన్ తరగతి పెట్టడం. పాఠం చెప్పడానికి వచ్చినావిడని అందరూ సిన్యోరా అంటారు. అసలు పేరు నోరా. ఐర్లండు పిల్లే. ప్రేమించినవాడి వెంట సిసిలీలోని ఓ పల్లెకి వెళ్లిపోయింది. అతను ఊళ్లో పిల్లనే పెళ్లాడాడు. ఈవిడ అతని ఎదురుగా ఓ గదిలో ఇరవయ్యారేళ్లు బతికింది. అతను పోయాక స్వదేశానికి తిరిగొస్తే కన్నవాళ్లకీ కాకుండా పోయింది. చేతిలో ఉన్న ఆస్తల్లా ఆ భాషే.

ఆ తరగతిలో చేరినవాళ్లు ఒక్కొక్కరూ ఒక్కో అధ్యాయం. బ్యాంకు గుమాస్తా, హోటల్ పోర్టరు, డబ్బున్నా సుఖం లేని ఇల్లాలు, చెడు సావాసంలో పడ్డ కుర్రాడు, తన అక్కే తన కన్నతల్లని తెలుసుకున్న పిల్ల. సిన్యోరా వాళ్లందరికీ ఇటాలియన్ పేర్లు పెడుతుంది. బిల్ గుల్యేల్మో అవుతాడు, కేథీ కతెరీనా అవుతుంది. చివరికి అందరూ కలిసి రోముకి యాత్ర వెళతారు.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. బించీ కథ చెప్పడంలో దిట్ట. పక్కింటావిడ గోడ మీద చెయ్యి వేసుకుని చెబుతున్నట్టుంటుంది. ఆవిడ పట్టుకున్న కీలకం కూడా చిన్నది కాదు. కొత్త భాషలో ప్రతివాడికీ ఒక కొత్త పేరు దొరుకుతుంది. ఆ పేరుకి పాత అవమానాలు అంటవు. ఇంట్లో చేతకానివాడనిపించుకున్నవాడు వారానికి రెండు గంటలు మరో మనిషిగా బతకొచ్చు. మన ఇళ్లలో "అమ్మా", "ఏమేవ్", "కోడలా" తప్ప సొంత పేరు వినపడక ఏళ్లయిన ఆడవాళ్లకి ఈ సంగతి విడమరచి చెప్పాలా? 2000లో డెన్మార్క్ దర్శకురాలు లోనె షెర్‌ఫిగ్ తీసిన 'ఇటాలియన్ ఫర్ బిగినర్స్' సినిమాలోనూ ఈ సూత్రమే ఉంది. ఒంటరి మనుషులు, మునిసిపాలిటీ వారి ఇటాలియన్ తరగతి, చివర వెనిస్ యాత్ర. ఈ పోలిక మీద మాటలు వచ్చాయి. ఆఖరికి సినిమా నిర్మాతలు బించీకి పరిహారం ఇచ్చుకున్నారు.

అయితే నాకు నవల్లో ఒక లోటు కనపడింది. అది కనపడడానికి కారణం నా తెలివి కాదు, ఆ తోటలో జరిగిన సంఘటన.

కాఫీ బల్ల దగ్గర ఎనభై దాటిన ఓ పెద్దావిడ కూర్చుంది. ఆ గుంపులో పుట్టు ఇటాలియన్ ఆవిడొక్కర్తే. నేపుల్స్ వైపు పల్లెటూరు. అక్కడికి దగ్గర్లోనే బెడ్‌ఫర్డ్ అనే పట్నం ఉంది. యుద్ధం తర్వాత అక్కడి ఇటుక బట్టీల్లో పనివాళ్లు చాలక, 1951 నుంచి దక్షిణ ఇటలీ పల్లెల కుర్రాళ్లని నాలుగేళ్ల ఒప్పందం మీద రప్పించారు. మొదట్లో వాళ్లు హాస్టళ్లలో ఉండేవారు. తర్వాత పెళ్లాలూ పిల్లలూ వచ్చారు. ఈవిడ భర్త అలా వచ్చినవాడే. ఈవిడ కొత్త పెళ్లికూతురుగా వచ్చింది.

కొత్తగా చేరిన ఓ కుర్రాడు ఆవిణ్ణి పలకరించి, పిల్లలెందరని పాఠంలో ఉన్నట్టే అడిగాడు. ఆవిడ సంతోషంగా "తెంగో త్రె ఫిల్యీ" అంది. నాకు ముగ్గురు పిల్లలని. అతను ఎంతో మర్యాదగా, "సిన్యోరా, తెంగో కాదు, ఓ త్రె ఫిల్యీ అనాలి" అన్నాడు.

పుస్తకం ప్రకారం అతను చెప్పింది సరే. దక్షిణాదిన 'ఉంది' అనడానికి 'తెంగో' అంటారు, బళ్లో 'ఓ' అని నేర్పుతారు. ఆవిడ నవ్వి "సీ, సీ" అంది. ఆ తర్వాత వెళ్లేదాకా ఇంకొక్క మాట మాట్లాడలేదు. కప్పులు సర్దుతూ కూర్చుంది. ముగ్గురు పిల్లల్ని కని పెంచిన భాషలో ఆవిణ్ణి తప్పు పట్టాడు, ఆర్నెల్ల క్రితం అక్షరాలు దిద్దినవాడు!

ఆ పిల్లాడిది దురుద్దేశం కాదు. ఇది పాత కథే. 1861లో ఇటలీ ఒక దేశమైన నాటికి ఇవాళ మనం ఇటాలియన్ అంటున్న భాష మాట్లాడగలిగినవాళ్లు నూటికి ఇద్దరో ముగ్గురో అని భాషా చరిత్రకారుడు తుల్లియో దె మౌరో లెక్క కట్టారు. తక్కినవాళ్లంతా ఎవరి ప్రాంతం మాట వాళ్లు మాట్లాడేవారు. మహానవలాకారుడు మంజోని 1827లో తన నవల 'ఐ ప్రొమెస్సీ స్పోసి' అచ్చయ్యాక కూడా తృప్తి చాలక, ఫ్లారెన్సు వాళ్ల నుడికారంలోకి మార్చి 1840 నుంచి మళ్లీ అచ్చు వేయించాడు. బట్టల్ని ఆర్నో నదిలో జాడించడమని దానికి ఆయనే పెట్టిన ముద్దుపేరు. లండన్‌లో మజ్జినీ 1841లో పెట్టిన ఉచిత సాయంకాల పాఠశాల కూడా, వీధుల్లో వాయిద్యం తిప్పుకుంటూ పొట్ట పోసుకునే ఇటాలియన్ పిల్లలకి వాళ్ల దేశభాష నేర్పడానికే. చదువు మంచిదే. జాడింపూ మంచిదే. కాని జాడించినప్పుడల్లా బట్టకున్న సొంత రంగు కొంచెం పోతుంది కదా!

బించీ నవల ఈ మాట దగ్గరికి వచ్చినట్టే వచ్చి తప్పుకుంటుంది. సిసిలీ పల్లెలో ఇళ్లలో మాట్లాడేది సిసిలియన్. అక్కడ ఇరవయ్యారేళ్లు ఉన్న సిన్యోరా నోట పలికే భాష ఎలాంటిది? దానికీ రోములో హోటల్లో పనికొచ్చే భాషకీ తేడా ఏమిటి? నవల ఆ తేడా మీద నిలబడదు. అందులో భాష ఎప్పుడూ మనుషుల్ని కలుపుతుందే గాని విడదీయదు. సంతోషంగా చదివిస్తుంది, కాదనను. కాని జీవితంలో సగమే చెబుతుంది.

మిగతా సగం కావాలంటే ఝుంపా లాహిరి దగ్గరికి వెళ్లాలి. లండన్‌లో పుట్టి అమెరికాలో పెరిగిన బెంగాలీ ఆడపడుచు. ఇంగ్లీషులో పెద్ద పేరు వచ్చాక, 2012లో కుటుంబంతో రోముకి మకాం మార్చి, ఇటాలియన్‌లోనే రాస్తానని పంతం పట్టింది. 2015లో వచ్చిన 'ఇన్ ఆల్త్రె పరోలె' ఆ పంతం కథ. మరుసటి ఏడే యాన్ గోల్డ్‌స్టైన్ ఇంగ్లీషు అనువాదం వచ్చింది. అందులో ఒక సంఘటన నేను మరిచిపోలేను. ఒక బట్టల కొట్లో ఆవిడ చక్కని ఇటాలియన్‌లో మాట్లాడుతుంది. భర్త కల్పించుకుని నాలుగు ముక్కలంటాడు, అదీ స్పానిష్ యాసతో. కొట్లో అమ్మాయి ఆయన ఇటాలియనే అనుకుని, ఎంత బాగా మాట్లాడుతున్నాడో అంటుంది! ముఖం చూసి భాష ఎవరిదో తేల్చేశారన్నమాట. బించీ చూపించిన తలుపు వెనక గోడ కూడా ఉందని లాహిరి చెప్పింది.

ఈవిడ మీద నా ఫిర్యాదు ఒకటే. పుస్తకమంతా తన గురించే, తన నిఘంటువు గురించే. ఆ భాష మాట్లాడే మనుషులు కిటికీలోంచి కనపడినట్టు కనపడి వెళ్లిపోతారు.

ఆ పెద్దావిడ ఎందుకు నోరు మూసుకుందో తెలిసిన రచయిత్రి ఎలెనా ఫెర్రాంటె. 2011 నుంచి 2014 వరకు నాలుగు భాగాలుగా వచ్చిన నేపుల్స్ నవలల్లో ఇద్దరు స్నేహితురాళ్లు. లీలా చదువు ఆగిపోయింది. ఎలెనా పీసా దాకా వెళ్లి చదువుకుంది. వీధిలో తిట్టుకున్నా ప్రేమించుకున్నా వాళ్ల యాసలోనే. బడి భాష నోట్లోకి వచ్చిందంటే ఎవరో ఒకరు దూరం జరుగుతున్నారని అర్థం. పీసాలో ఎలెనా తన యాసకి తనే సిగ్గుపడుతుంది. చిత్రమేమిటంటే ఫెర్రాంటె ఆ యాసని పేజీ మీద పెట్టడం అరుదు. ఫలానావాళ్లు యాసలో అన్నారని చెప్పి ఊరుకుంటుంది, అంతే. ఇది లోపమని కొందరంటారు. నాకు మాత్రం, ఎలెనా పోగొట్టుకున్నదాన్ని మనకీ అందకుండా చేయడమే సబబనిపించింది. కథ చెబుతున్నది చదువుకుని దూరమైపోయిన పిల్ల కదా!

ఇదంతా విని, మన సంగతేమిటని మీరడగొచ్చు. ఆ తోటలో నా భాష ఏదని అడిగితే నేనూ అందరిలాగే గర్వంగా, మా తెలుగుని తూర్పుదేశపు ఇటాలియన్ అంటారని చెప్పాను. ఆ మాట 15వ శతాబ్దంలో విజయనగరం చూసిన వెనిస్ యాత్రికుడు నికొలో దె కోంటి పేరు మీద ప్రచారంలో ఉంది కూడా. అజంతంగా ఉండే నాలుగు మాటలు చెప్పేసరికి చప్పట్లు కొట్టారు. అమెరికా వెళ్లిన ఇటాలియన్లు 'జాబ్'ని 'జొబ్బా' అనీ, 'స్టోర్'ని 'స్తోరో' అనీ అనేవారట. మనం బస్సు, కారు అన్నట్టే! చివర అచ్చు లేకపోతే వాళ్ల నాలుకకీ తోచదు కాబోలు.

చప్పట్లు ఆగాక మాత్రం నాకు మా అత్తగారు గుర్తొచ్చారు. ఆవిడది శ్రీకాకుళం పక్క పల్లె. "ఏటి", "ఒగ్గీ" అనకుండా ఆవిడ మాట పూర్తయ్యేది కాదు. నా మొదటి నవల్లో ఆవిడ పోలికతో ఓ పాత్ర పెట్టి, పాఠకులు నవ్వుతారేమోనని, ఆ నోట కృష్ణా జిల్లా మాటలు పలికించాను. అచ్చయ్యాక ఆవిడ కూడబలుక్కుని ఆ పేజీలన్నీ చదివి, "ఈ అత్తగారిదే ఊరమ్మా?" అని అడిగారు. అప్పుడు నవ్వేశాను. ఆ అడగడంలో ఏముందో ఇన్నేళ్లకి, కాఫీ కప్పులు సర్దుకుంటున్న ఓ పరదేశపు ముసలమ్మని చూశాక గాని తెలియలేదు. ఇప్పుడు చెప్పుకుందామంటే ఆవిడ లేరు.

ఆ క్లబ్బుని తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. అలాంటి సాయంత్రాలు ఎన్ని ఉంటే అంత మంచిది. కాకపోతే కబుర్ల క్లబ్బు అన్న తర్వాత మాట్లాడ్డంతో పాటు వినడం కూడా ఉండాలి. ఆ పై వారం మా అమ్మాయి తన పులిహోర గిన్నె పట్టుకుని వెళ్లి ఆ పెద్దావిడ పక్కన కూర్చుందిట. "నాకూ ఇద్దరు పిల్లలు" అని చెప్పిందిట, 'తెంగో' అనే. ఆవిడ గంటసేపు మాట్లాడిందనీ, అందులో తనకి సగం కూడా అర్థం కాలేదనీ ఫోనులో చెప్పింది.

ఈ పుస్తకాలు దొరికితే చదవండి. హాయిగా పొద్దుపోవాలంటే బించీ, ధైర్యం కావాలంటే లాహిరి. మీ అమ్మగారో అత్తగారో మాట్లాడే తీరుని ఎప్పుడైనా నలుగురిలో దిద్దిన జ్ఞాపకం ఉంటే మాత్రం, ముందు ఫెర్రాంటెని చదవండి.