బండిలో ఏముండాలో బండిలోనే తేలాలి

ఆయాసంతో ఎగపోస్తున్న మనిషికి ఆక్సిజన్ పెడితే నష్టమేముంటుంది? మూతికి మాస్కు బిగించి, సిలిండర్ ధారాళంగా తిప్పి, ఆస్పత్రికి పరుగు తీయడమే చాలా దేశాల్లో అంబులెన్సుల పద్ధతిగా ఉండేది. ఆస్ట్రేలియాలోని టాస్మానియా ద్వీపంలో, హోబర్ట్ ప్రాంత పారామెడిక్కులు ఆ పద్ధతినే పరీక్షకు పెట్టారు.

కొందరు ఎప్పటిలాగే నిమిషానికి 8 నుంచి 10 లీటర్లు ఇచ్చారు. మిగతావాళ్లు ముక్కు గొట్టాలతో కొద్దికొద్దిగా ఇస్తూ, రక్తంలో ఆక్సిజన్ సాచురేషన్ 88 నుంచి 92 శాతం మధ్య నిలిచేలా చూశారు. మొత్తం 405 మంది రోగుల ఫలితాలు 2010లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. ధారాళంగా ఆక్సిజన్ అందినవారిలో 9 శాతం మంది చనిపోయారు. కొలిచి ఇచ్చినవారిలో 4 శాతం.

కారణం ఊపిరితిత్తుల్లోనే ఉంది. సీఓపీడీ అనే దీర్ఘకాలిక శ్వాసకోశ జబ్బు ముదిరినవారికి ఆక్సిజన్ మోతాదు మించితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. రోగి మగతలోకి జారతాడు. ఏళ్ల తరబడి బీడీలు కాల్చిన మగవాళ్లు, కట్టెల పొయ్యి పొగ పీల్చిన ఆడవాళ్లు మన ఊళ్లలో ఎంతమంది లేరు! వాళ్లకు వేలికి తగిలించే చిన్న పల్స్ ఆక్సీమీటరే రక్ష. దాన్ని చూస్తూ మీట తిప్పడం తెలిసిన ఈఎంటీ, అంటే అంబులెన్సులోని అత్యవసర వైద్య సిబ్బంది, అంతకన్నా పెద్ద రక్ష.

మరి ఖరీదైన యంత్రాల సంగతి? గుండె ఆగినప్పుడు ఛాతీని నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్లకు తగ్గకుండా నొక్కాలి. రెండు నిమిషాలకే భుజాలు పట్టేస్తాయి. అలసట ఎరగని యంత్రం ఉంటే బతికేవాళ్లు పెరుగుతారని ఎవరికైనా అనిపిస్తుంది. స్వీడన్‌లో పుట్టిన లూకాస్ అలాంటిదే. బ్రిటన్‌లో దాన్ని రోడ్డు మీదే పరీక్షించారు. కొన్ని అంబులెన్సులకు ఆ యంత్రం ఇచ్చి, మిగతా బళ్లలో చేతులతోనే నొక్కించారు. 4,471 మంది రోగుల లెక్కను 2015లో లాన్సెట్ ప్రచురించింది. 30 రోజుల తర్వాత బతికున్నవారు యంత్రం బళ్లలో 6 శాతం, చేతుల బళ్లలో 7 శాతం. యంత్రం వల్ల అదనంగా ప్రాణాలు నిలిచిన దాఖలా లేదు.

గుండె ఆగినవారి శ్వాసనాళంలోకి గొట్టం వేయడం మీదా బ్రిటన్‌లోనే అధ్యయనం జరిగింది. దాని పేరు ఎయిర్‌వేస్-2. నాళం లోపలికి పంపే పాత గొట్టానికి పోటీగా, గొంతులో కూర్చునే మెత్తటి ఐ-జెల్‌ను నిలబెట్టారు. 9,296 మంది రోగుల ఫలితాలు 2018లో వెలువడ్డాయి. మెరుగ్గా కోలుకున్నవారు ఐ-జెల్‌తో 6.4 శాతం, గొట్టంతో 6.8 శాతం. చెప్పుకోదగ్గ తేడా లేదు. అయితే మొదటి ఒకటి రెండు ప్రయత్నాల్లో ఊపిరి అందించగలిగిన సందర్భాలు గొట్టంతో 79 శాతమైతే, ఐ-జెల్‌తో 87 శాతం.

ఈ అంకెలన్నిటినీ ఉన్నపళంగా మన 108 బండిలోకి దించుకోలేం. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన ఈ సేవలో బండికి సాధారణంగా ఒక ఈఎంటీ, ఒక పైలట్. పైలట్ స్టీరింగ్ పట్టాక రోగి దగ్గర మిగిలేది ఒక్క మనిషే. బ్రిటన్‌లో గుండె ఆగిందని ఫోనొస్తే మామూలుగా ఒకటికి మించి బృందాలు వెళతాయి. ఉన్నచోటే చికిత్స సాగుతుంది. ఇక్కడ పాడేరు ఘాట్ మలుపుల్లో, బెల్టు లేకుండా నిలబడి ఛాతీ నొక్కే ఈఎంటీ మాస్కు ఎలా అదమాలి? ఊపిరి అందించే బ్యాగ్ ఎలా పిండాలి? ఒంటిచేతి పనిలో ఐ-జెల్ ఇచ్చే సౌలభ్యం విలువ ఎక్కువ కావచ్చు. అక్కడ బతికేవాళ్ల సంఖ్య పెంచని లూకాస్ యంత్రమే ఇక్కడ సిబ్బందిని సీట్లో కూర్చోబెట్టి, బెల్టు పెట్టుకోనివ్వవచ్చు.

అందుకే ఏ పరికరం కొనాలన్నా, ముందు ఇక్కడి రోడ్ల మీద పరీక్ష జరగాలి. ఒక జిల్లాలో లాటరీ తీసి సగం బళ్లకు కొత్త పరికరం ఇవ్వాలి. మిగతా సగంలో పాత పద్ధతే ఉంచాలి. రోగిని ఆస్పత్రి గుమ్మం దగ్గర వదిలేయకుండా 30వ రోజు దాకా ఆచూకీ తీయాలి. యంత్రం బిగించడానికి ఎన్ని సెకన్లు పట్టిందో, ఆలోగా ఛాతీ నొక్కడం ఎంతసేపు ఆగిందో రాసేది ఈఎంటీయే కనుక, ఆ ఫారం తయారుచేసేటప్పుడే ఈఎంటీలనూ పైలట్లనూ పిలిచి కూర్చోబెట్టాలి. టెండరు ఆ తర్వాతే పిలవాలి.