నిప్పు, అగ్గి, చిచ్చు: పర్యాయపద విచారము

హైదరాబాదునకు తూర్పున నున్న సరూర్‌నగర్ ప్రాంతము శబ్దవిచారము చేయువారికి మంచి చోటు. విజయవాడకు పోవు రాజమార్గము దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్‌ల మీదుగా సాగుటచే నల్లగొండ సీమవారును, కృష్ణా గుంటూరు మండలములవారును అచ్చట చేరి నివసించుచున్నారు. ఒక యింటివారు అగ్గి అందురు. ఎదురింటివారు నిప్పు అందురు. ఉర్దూ మాటాడు పొరుగువారికి అదియే ఆగ్. వీథిని పోవు ఎఱ్ఱని బండిమీద అగ్నిమాపకమని వ్రాసియుండును. పాఠశాలలో వీనినన్నిటిని పర్యాయపదములని వల్లె వేయింతురు. ఆ బోధ సగమే సత్యము.

పుట్టుక చూచినచో అగ్గియు ఆగును ఒకే తల్లి బిడ్డలు. సంస్కృతమందలి అగ్ని ప్రాకృతమున అగ్గియై, తెలుగున అట్లే నిలిచి, ఉత్తరదేశభాషలలో ఆగ్ అయినది. నిప్పు దేశ్యము, తమిళమందలి నెరుప్పునకు సోదరపదము. చిచ్చు కన్నడమున కిచ్చు. కివి చెవి యైనట్లే ఇచ్చటను కకారము చకారమైనది.

అమరసింహుడు అగ్నినామములను స్వర్గవర్గమున పఠించినాడు. అనగా అవి దేవతానామములు, పొయ్యిలోని నిప్పునకు పేరులు కావు. కోశము కంఠస్థమైనదిగదా యని, కృశానుడు పొయ్యిలో రాజుకొనెనని బాలుడు వ్రాసినచో నవ్వవలసినది బాలుని చూచి కాదు, అట్లు నేర్పినవారిని చూచి.

పర్యాయత్వమునకు పరీక్ష యొక్కటే: ఒకదాని స్థానమున వేఱొకదానిని నిలిపి చూచుట. అగ్నిసాక్షిగా పెండ్లియాడినవాడు నిప్పుసాక్షిగా ఆడినాడనరాదు. నిప్పు అను ప్రాంతమువారును ప్రాయికముగా అగ్గిపెట్టె యనియే అందురు. వరిపైరునకు పట్టునది అగ్గితెగులే. చేను తగులబడినట్లు కనబడుటచే రైతు పెట్టిన పేరది. శాస్త్రజ్ఞులును దానినే గ్రహించినారు. నిప్పునకు బహువచనము సహజము. నిప్పులు అనగా కణకణలాడు బొగ్గులు. అగ్గికి బహువచనము వినబడుట అరుదు. ఈ చిన్న భేదమే ఒకటి లెక్కింపదగిన వస్తువనియు, రెండవది వ్యాపించు శక్తి యనియు చెప్పుచున్నది.

నిప్పునకు శుచిత్వము ప్రధానార్థమగుట గమనింపదగినది. నిష్కళంకుని వాడు నిప్పు అందురు. నిప్పునకు చెదలు పట్టునా యను సామెతయు ఈ భావముననే పుట్టినది. అయితే ప్రజలు అంతటితో ఊరకుండలేదు. మితిమీరిన మడివారిని నిప్పులు కడుగువారని యెత్తిపొడిచిరి. సర్వమును శుద్ధి చేయుదానినే కడుగబోవు వెఱ్ఱిని రెండు మాటలలో పట్టియిచ్చిన ఈ పలుకుబడిముందు మన హాస్యప్రసంగములు పెక్కు వెలవెలపోవును.

చిచ్చు గతి వేఱు. కార్చిచ్చు, చిచ్చుబుడ్డి వంటి సమాసములలో పూర్వార్థము నిలిచియున్నది గాని, విడిగా పలికినచో నేడు కలహమే స్ఫురించును. అన్నదమ్ములమధ్య చిచ్చు పెట్టవచ్చును. కుంపటిలో పెట్టుట నేటి వాడుకలో లేదు. కన్నడమున కిచ్చు ఇప్పటికిని అగ్నియే. అయినను వారి హొట్టెకిచ్చు మన కడుపుమంట వలె అసూయనే చెప్పును. అసూయకు స్థానము కడుపే యని రెండు జాతులును ఒప్పుకొన్నవి. తెలుగున కడుపుమంట దుఃఖమునకును, అన్యాయము చూచి కలుగు ఆక్రోశమునకును చెల్లును.

కొఱవి యనగా మండుచున్న కట్టె. తలకొఱవి సంబంధముచే ఆ మాటకు అశుభము అంటినది. అశుభభీతియే దీపము ఆరినదనక కొండెక్కినదనిపించినది. తుపాకి మ్రోతకు కాల్పులను పేరును ఈ కుటుంబములోనిదే. కాల్చుట యన్నది చుట్టనుండి ఫిరంగివఱకు ప్రాకినది.

ఇక అగ్నిమాపకము. సంస్కృతమున మాపకమనగా కొలుచునది. పాఠ్యగ్రంథములలోని ఉష్ణమాపకము వేడిని కొలుచును. ఆ లెక్కను అగ్నిమాపకము అగ్నిని కొలువవలెను! ఈ పదము కల్పించినవారు తెలుగు మాపు ధాతువును (రూపుమాపుటలోనిదానిని) గైకొని సంస్కృతప్రత్యయము తగిలించినట్లు తోచును. ఆ మాపునకు బట్టలు మురికిచేయుట యను అర్థమును కలదు. హిందీవారి అగ్నిశమనము, కన్నడిగుల అగ్నిశామకము నిర్దుష్టములు. తమిళులు తీయణైప్పు అని అచ్చమైన తమ మాటనే పెట్టుకొన్నారు.

రూఢి బలీయమని ఇచ్చట సమాధానము చెప్పుదురు. రూఢి ప్రజల నోట పుట్టినపుడు శిరోధార్యమే, అగ్గితెగులు వలె. అగ్నిమాపకము కార్యాలయమున పుట్టి బండిమీదను, పలకలమీదను నిలిచినది. ఇల్లు కాలునపుడు దిల్‌సుఖ్‌నగర్ సందులలో జనులు కేకవేయునది మాత్రము ఫైరింజను అనియే.