ముందు మన మొహం చూస్తారు

రెండేళ్ల పిల్లను మొదటిసారి థీమ్ పార్కుకు తీసుకెళ్తున్నామంటే సంచి ఎలా సర్దాలో చెప్పేవాళ్లు చాలామందే ఉంటారు. డైపర్లు, టోపీ, మార్చడానికి గౌన్లు, పెరుగన్నం డబ్బా. అన్నీ కావలసినవే. మన మొహం ఎలా ఉండాలో మాత్రం ఎవరూ చెప్పరు. నాకు అన్నిటికన్నా అదే ముఖ్యమనిపిస్తుంది.

అమెరికాలో చేసిన ఒక ప్రయోగం ఫలితాలు 1985లో వెలువడ్డాయి. గాజు పరిచిన బల్ల. ఆ గాజు కింద ఒకచోట లోతు ఉన్నట్టు కనబడుతుంది. ఏడాది వయసు పిల్లలను దాని మీద పాకనిచ్చి, అవతల తల్లిని నిలబెట్టారు. మాట్లాడకూడదు, మొహంతోనే చెప్పాలి. తల్లి నవ్వుతుంటే 19 మందిలో 14 మంది దాటి వచ్చేశారు. తల్లి మొహంలో భయం కనబడితే 17 మందిలో ఒక్కరూ దాటలేదు.

కాలిఫోర్నియాలో ఉన్న మా అమ్మాయి దగ్గరకు వెళ్లినప్పుడు, మనవరాలితో డిస్నీల్యాండ్‌లో గడిపిన రోజంతా నాకు ఈ ప్రయోగమే గుర్తొచ్చింది. మూడేళ్లు నిండని పిల్లలకు అక్కడ టికెట్ అక్కర్లేదు. లోపలికి వెళ్లిన కాసేపటికే మిక్కీ మౌస్ ఎదురయ్యాడు. బొమ్మల పుస్తకంలో వేలెడంత ఉండేవాడు ఇక్కడ మనిషంత ఉన్నాడు. పలకడు. మొహం మీద నవ్వు ఎప్పుడూ ఒక్కలాగే ఉంటుంది. ఎదుటివాళ్ల మొహం చూసి లోకాన్ని తెలుసుకునే వయసు పిల్లకు ఆ మొహంలో ఏం దొరుకుతుంది? అలాంటప్పుడు బిడ్డను బలవంతంగా ఆ చేతుల్లో పెట్టి, ఏడుస్తుంటే నవ్వుతూ వీడియో తీయడం నేను చూడలేను. ఆ నవ్వు బిడ్డకు ధైర్యం చెప్పదు, ఒంటరిని చేస్తుంది. మా అమ్మాయి నాలుగడుగులు వెనక్కి వచ్చి, అక్కడి నుంచే తను చెయ్యి ఊపింది. పిల్ల వాళ్లమ్మను చూసింది, మిక్కీని చూసింది, మళ్లీ అమ్మను చూసింది. చివరికి వేళ్లు కదిపింది. ఫోటో మాత్రం రాలేదు.

డంబో ఏనుగుల రైడ్ దగ్గర పిల్లను వెంటనే ఎక్కించలేదు. మొత్తం 16 ఏనుగులు. పైకి లేవడం, తిరగడం, కిందికి రావడం, ఆగడం బయటి నుంచే చూపించాం. మా ఊరి తిరునాళ్లలో రంగుల రాట్నం ఎక్కించే ముందు మా నాయనమ్మ నాకూ ఇలాగే చూపించేది. అది ఆగుతుందని తెలిస్తే పిల్లలకు సగం భయం పోతుంది. వాల్ట్ డిస్నీ కూతుళ్లను లాస్ ఏంజెలెస్‌లో రంగుల రాట్నం ఎక్కించి, తాను బెంచీ మీద కూర్చుని చూసేవాడట. పెద్దలూ పిల్లలూ కలిసి ఆడుకునే చోటు ఉండాలన్న ఆలోచన అక్కడే పుట్టిందని ఆయనే చెప్పుకున్నాడు. 1955లో తెరిచిన ఈ పార్కులో డంబో మీద పిల్ల పక్కన నేను కూర్చున్నాను. ఏనుగును పైకి లేపే మీట మన చేతిలోనే ఉంటుంది.

"పైకెళ్దామా అమ్ములూ?"

"వద్దు."

కిందనే తిరిగాం.

ఎత్తు నిబంధన లేదంటే పసిపిల్లలకు తగినదని కాదు. స్నో వైట్ రైడ్‌కు ఆ నిబంధన లేదు, కానీ లోపలి చీకట్లో మంత్రగత్తె ఉంటుంది. అది మరో ఏడాదికి వదిలేశాం.

బిగ్ థండర్ మౌంటెన్ అనే రోలర్ కోస్టర్ రైలు దగ్గర పెద్దవాళ్ల కేకలు విని పిల్ల గభాలున నా మొహంలోకి చూసింది. "ఏం లేదులే" అంటే సరిపోదు. పెద్దవాళ్లు అలా అరవడం తను ఎప్పుడూ వినలేదు. అమ్మాయీ అల్లుడూ అది ఎక్కడానికి వెళ్లారు. మేమిద్దరం జనం దిగి బయటకు వచ్చే దారిలో నిలబడ్డాం. "అరిచినవాళ్లంతా ఇటే వస్తారు, చూడు" అన్నాను. జుట్టు చెదిరి, నవ్వుకుంటూ ఒక్కొక్కరే వస్తుంటే అందరి మొహాలూ పరీక్షగా చూసింది. చివరికి వాళ్లమ్మ వచ్చింది.

"అమ్మా, నువ్వు అరిచావా?"

"అరిచానమ్మా, గట్టిగా."

"మళ్లీ ఎక్కు" అంది.